నా బిడ్డ పొట్ట మీది మచ్చలు

ఏళ్ల తరబడి ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. రెండే మాటలు. అన్నప్పుడు తేలికగానే ఉన్నాయి. ఇప్పుడు రెండో కాన్పుకు నెలలు నిండుతుంటే, కడుపులో బిడ్డకంటే అవే బరువుగా ఉన్నాయి. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

మా పాప పొట్ట మీద, బొడ్డుకు అటూ ఇటూ, శనగగింజలంత మచ్చలున్నాయి. పుట్టిన నెలలోపే పడ్డవి. అప్పుడు పాప ఒళ్లు పచ్చబడింది, పొట్ట ఉబ్బింది, గుక్క పట్టి ఏడుస్తోంది. పక్కింటామె చురకలు పెట్టమంది. ఇక్కడ పసికందులకు జబ్బు చేస్తే పసుపుకొమ్మును దీపంలో కాల్చి పొట్ట మీద ఆనిస్తారు. మా అత్తమ్మకు భయం వేసింది. దవాఖానకు పోదామని రిక్షా కోసం వెళ్లింది. ఆమె తిరిగొచ్చేలోపు చురకలు పెట్టాను. నేనే. బి.ఎస్సీ. చదివినదాన్ని, చర్మం పొరల బొమ్మ గీసి పేర్లు రాసినదాన్ని. ఎందుకు పెట్టాను? బిడ్డ కోసమా, లేక ఆ ఏడుపు ఇక వినలేక నా కోసమా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

దవాఖానలో డాక్టరమ్మ గుడ్డ తీసి చూసి మండిపడింది.

"ఎవలు పెట్టిండ్రు గివి? గొడ్డుకు వాత పెట్టినట్టు పెట్టిండ్రు."

"మా అత్తమ్మ," అన్నాను.

అత్తమ్మ నా పక్కనే ఉంది. నా వైపు ఒక్కసారి చూసింది. కొంగు నెత్తి మీదికి లాక్కుంది.

"అవునమ్మా, నేనే పెట్టిన. తిట్టేదేదో తర్వాత తిట్టుండ్రి. పిల్లను జర చూడుండ్రి ముందు."

"నీ కోడలు చదువుకున్నది గదా, ఆపలేదా నిన్ను?"

"అది అప్పుడు ఇంట్ల లేదమ్మా."

నేను మొదలుపెట్టిన అబద్ధానికి మిగతాది ఆమె కలిపింది, నా మీద మాట పడకుండా.

పాప బతికింది. కానీ మా ఆయన పాపను మళ్లీ తన తల్లి చేతికి ఇవ్వనివ్వలేదు. మా వీధిలో ఎవరికి కాన్పయినా పసిపిల్లకు నీళ్లు పోసేది అత్తమ్మే. ఆ ఇళ్లవాళ్లూ పిలవడం మానేశారు. చివరికి ఆమె అల్లాదుర్గ్‌లో కూతురింటికి వెళ్లిపోయింది. అక్కడి నుంచి మెత్తటి పాత చీరలతో పాపకు బొంతలు కుట్టి పంపిస్తుంది. పాప ఆ బొంతల్లోనే పడుకుని, "గివి నాయనమ్మ కాల్చింది," అని తోటిపిల్లలకు మచ్చలు చూపిస్తుంది. నేను విని ఊరుకుంటూ వచ్చాను.

మొన్న పరీక్షకు వెళ్లి, ఆ మచ్చలు పోతాయా అని డాక్టరమ్మను అడిగాను. పోవనీ, పాపతో పాటే సాగుతాయనీ చెప్పింది. తర్వాత తను చదివిన సంగతి ఒకటి చెప్పింది. తల్లి గొర్రె కడుపులో ఉండగా పిల్లకు గాయమైతే, మచ్చ లేకుండా మానిపోవడం చూశారట. అక్కడ చర్మం అతుకు వేసుకోదు, మొదట ఎలా అల్లుకుందో మళ్లీ అలాగే అల్లుకుంటుంది. నెలలు నిండేకొద్దీ ఆ నేర్పు పోతుంది. ఎందుకు పోతుందో తెలిస్తే, ఎప్పటికైనా మనుషుల మచ్చలు తగ్గించే దారి దొరకవచ్చునంది.

ఇంటికొచ్చేదాకా పొట్ట మీంచి చెయ్యి తీయలేదు. లోపలి బిడ్డకు కొన్నాళ్లయినా అంత రక్షణ ఉండిందన్న మాటకే కళ్లు చెమర్చాయి. ఆ దారి దొరకాలని పాప కోసం కోరుకుంటున్నాను. కానీ ఆ కాలిన గాయాలే మచ్చ లేకుండా మానిపోయి ఉంటే? నా అబద్ధాన్ని నేనే నమ్మేసి హాయిగా ఉండేదాన్ని కాదా?

కాన్పుకు తోడుగా ఎవరిని పిలుద్దామని ఈ సాయంత్రం మా ఆయన అడిగాడు. అత్తమ్మను అన్నాను.

"గీ పిల్లకు గూడ చురకలు పెట్టిద్దామనా?" అన్నాడు.

అప్పుడు చెప్పాను. ఆయన అన్నం ముందు నుంచి లేచిపోయాడు. చాలాసేపటికి వచ్చి, తెల్లారి అల్లాదుర్గ్ బస్సెక్కుతానని మాత్రం అన్నాడు. అటు తిరిగి పడుకున్నాడు. నిద్రపోలేదని నాకు తెలుసు.

అత్తమ్మ వస్తుందో రాదో. రాకపోతే అడిగే హక్కు నాకు లేదు. ఇన్నేళ్లూ ఆమెకు కృతజ్ఞత చెప్పుకోవడానికి కూడా వీల్లేకుండా చేసుకున్నాను. దేనికని ఎవరైనా అడిగితే ఏం చెప్పను? ఇప్పుడు చెప్పగలను. ఆ రోజు నా బిడ్డను ఒళ్లో పెట్టుకుని రిక్షాలో దవాఖానకు తీసుకెళ్లింది ఆమె. నా తప్పును తనదని చెప్పుకుంది ఆమె.