ఓడలాయనకు టీచరమ్మ చెప్పిన జవాబు

చొక్కాలు కుట్టే ఆ హాల్లో ఆమెను అందరూ టీచరమ్మ అనేవారు. బడి మూతపడి, ఆవిడ గుండీలు కుట్టే పనిలో చేరి చాలా కాలమైంది. బడి పోయినా పిలుపు మాత్రం వదల్లేదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మిషన్లు ఆపేసి, అందరూ దారాలు కత్తిరిస్తూ, గుండీలు కుడుతూ చేతిపనికి కూర్చుంటారు. ఆ వేళకు టీచరమ్మ సూది పక్కన పెట్టి పుస్తకం తీస్తుంది. ఆమె వాటా చొక్కాలు మిగతా ఆడవాళ్లు తలా కొన్ని పంచుకుంటారు. ఊరికే వినడం వాళ్లకు నామోషీ. యజమాని కూడా పని సాగుతోంది కదా అని చూసీచూడనట్టు ఊరుకునేవాడు.

ఈసారి పుస్తకం పాతకాలపు ఇంగ్లీషు ప్రేమ నవల. ఇంట్లో ముందే చదువుకుని, ఇక్కడ పేజీలు తిప్పుతూ తెలుగులో చెప్పేది. అందులో గడియారాలు బాగుచేసే ముసలాయనకు ఒక కూతురు. ఓడల వ్యాపారి ఒకడు ఒకప్పుడు నలుగురి ముందు, ఈ పిల్ల లెక్కలు రాయడానికి పనికొస్తుంది గానీ కాపురానికి పనికిరాదన్నాడు. ఇప్పుడు ఓడలు మునిగి, పొగరు దిగి, పెళ్లి చేసుకోమంటూ అదే గుమ్మంలో నిలబడ్డాడు.

ఇక హాల్లో రోజూ పంచాయితీయే. గతిలేక మెత్తబడ్డాడు, రేపు ఇంకో ఓడ కొంటే మళ్లీ అదే నోరు లేస్తుందని కాలర్ల అక్క తీర్పు. ఆ పిల్ల మాత్రం తక్కువ తిందా, ఎప్పటి మాటనో ఇంకా నెమరేస్తూ కూర్చుందని ఇస్త్రీ పెద్దమ్మ విసుగు. కొత్తగా పెళ్లయిన కాజాల అమ్మాయికి ఇద్దరూ ముద్దొచ్చేవారు. ఆ అమ్మాయికి అప్పట్లో అందరూ ముద్దొచ్చేవారు లెండి.

టీచరమ్మ మాత్రం ఆ వారమంతా కాలుగాలిన పిల్లిలా తిరిగింది. ఇంట్లో అన్నం మాడబెట్టింది. ఒంట్లో బాగాలేదా అని వదిన అడిగితే కసురుకుంది. హాల్లో గుండీలు కాజాల వైపు కుట్టి, ఊడదీసి, మళ్లీ అటే కుట్టింది.

సంగతేమిటంటే, హాలు చివర బల్ల దగ్గర బట్ట కత్తిరించే మాస్టరును చాలా ఏళ్ల కిందట ఆమె అన్నయ్య సంబంధం మాట్లాడదామని ఇంటికి పిలిచాడు. అప్పుడాయన అన్నయ్య ముందు, వదిన ముందు, ఈ పుస్తకాల పురుగు ఇల్లేం చక్కబెడుతుందని నవ్వి వెళ్లిపోయాడు. వంటింట్లోంచి ఆమె వింది. అదే మనిషి ఈ సోమవారం మెట్ల మీద ఆమెను ఆపాడు.

"అప్పుడు తలపొగరుతో వాగాను. తప్పు నాదే. ఇప్పుడు నేనే అడుగుతున్నాను, నన్ను చేసుకుంటారా? శనివారంలోగా చెప్పండి. వద్దంటే పక్క ఊళ్లో పని ఉంది, పోతాను."

ఎవరికి చెప్పుకోవాలి? అన్నయ్యకు చెబితే కత్తి నూరతాడు, వదినకు చెబితే రేపే ముహూర్తం పెట్టిస్తుంది. మనసు ఒక గంట ఔనంటే ఇంకో గంట ఛీ అంటోంది. అందుకే ఓడలాయన గురించి హాల్లో ఎవరేమన్నా ఒళ్లంతా చెవులు చేసుకుని వినేది. వాళ్లు తేలిస్తే తాను తేల్చుకోవచ్చని ఆశ.

నవల చివర ఆ పిల్ల ఒప్పుకుంటుంది. శుక్రవారం ఆ పేజీ దగ్గరికి వచ్చేసరికి టీచరమ్మకు ఒక పాడుబుద్ధి పుట్టింది. కాదంటే వీళ్లేమంటారో చూద్దామనుకుంది. ఆ పిల్ల మాట్లాడకుండా తలుపేసేసిందని చెప్పి పుస్తకం మూసింది.

చప్పట్లు కొడుతుందనుకున్న కాలర్ల అక్క ఒళ్లో చొక్కా విసిరికొట్టింది. ఇంతదూరం వచ్చి, నోరు తెరిచి తప్పు ఒప్పుకున్నవాడి మొహాన తలుపేస్తుందా, దానికసలు మనసుందా అంది. పిల్లకు పౌరుషముందని ఇస్త్రీ పెద్దమ్మ ప్లేటు ఫిరాయించింది. కాజాల అమ్మాయి ఏడ్చేసింది. అందరూ ఒకేసారి అరుస్తున్నారు.

ఆ గోలలో టీచరమ్మకు కత్తెర చప్పుడు ఆగిపోయిందని తెలిసింది. తిరిగి చూసింది. మాస్టరు కత్తెర తుడిచి గుడ్డలో చుడుతున్నాడు. ఇంకా సాయంత్రం కాలేదు.

ఈయనా రోజూ వింటూనే ఉన్నాడన్నమాట. అందరి అభిప్రాయం కోసం వల వేసి, ఆయనకు జవాబు చెప్పేసింది. అది తన జవాబు కాదని సరిగ్గా అప్పుడే తెలిసింది. ఆయన వెళ్లిపోతే తాను తట్టుకోలేనని అర్థమైంది.

లేచి నిలబడింది. "ఆగండి. నేను అబద్ధం చెప్పాను. ఆ పిల్ల ఒప్పుకుంది."

"మరెందుకే మార్చావు?" అంది కాలర్ల అక్క.

ఆమె కాలర్ల అక్క వైపు చూడలేదు. "ఒక్క షరతు పెట్టింది. ఆ మాట ఎవరి ముందు అన్నావో, వాళ్ల ముందే వెనక్కి తీసుకోమంది."

ఆ షరతు పుస్తకంలో ఎక్కడా లేదు. ఇస్త్రీ పెద్దమ్మ ఒకసారి ఇటు, ఒకసారి అటు చూసింది.

మాస్టరు చుట్టిన గుడ్డ విప్పి కత్తెర బల్ల మీద పెట్టాడు.

"రేపు మీ అన్నయ్యగారు ఇంట్లోనే ఉంటారా?" అని అడిగాడు.

"వదిన కూడా ఉంటుంది," అంది టీచరమ్మ.