దొర కెమెరా, నా మూడు పళ్ళేలు

ఆ రోజుల్లో అరకు కొండల మీద ఉద్యోగం వచ్చిందంటే బంధువులు శుభం పలికే బదులు క్వినైను మాత్రలు కొనిపెట్టేవారు. నాకూ మూడు సీసాలు ఇచ్చారు. చలిజ్వరం గురించి, పులుల గురించి, కొండవాగుల గురించి వచ్చినవాడల్లా ఒక కథ చెప్పి మరీ భయపెట్టాడు. ఆ కొండల మీద నాకు అసలు పట్టుకోబోయే జబ్బు అసూయ అని మాత్రం ఒక్కడూ చెప్పలేదు. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. అడవి కచేరీలో గుమాస్తాని. కచేరీకి ఎదురుగా, సంత జరిగే మైదానానికి అవతలి పక్కన సర్కారు డిస్పెన్సరీ. అందులో కాంపౌండరు నా ఈడువాడే. నాలాగే కొండ దిగువ నుంచి వచ్చినవాడే. నాకంటే రెండంగుళాలు పొడుగు. నా జుట్టు అప్పటికే వెనక్కి తగ్గడం మొదలుపెడితే, అతని క్రాపు నుదుటిమీద పడుతూ ఉండేది. పైగా హార్మోనియం వాయించేవాడు. (బాగానే వాయించేవాడు. ఈ మాట రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.)

ఇలా ఉండగా రోడ్డు పనులు చూసే దొరగారు ఉద్యోగం చాలించుకుని స్వదేశం వెళ్ళిపోతున్నారని తెలిసింది. బండిలో పట్టని సామాను మీ ఇష్టం వచ్చినట్టు వదిలించుకోండని ఆయన తన బట్లరుకి చెప్పారట. ఆ సామానులో కెమెరా ఉందని నాకు తెలుసు. తోలు మడతలతో ముందుకు సాగే పెట్టె, మూడు కాళ్ళ స్టాండు, తలమీద కప్పుకునే నల్లగుడ్డ, డజను గాజు ప్లేట్లు. ఆ ప్లేటు మీదే బొమ్మ పడేది. దొర ఆ గుడ్డలో తల దూర్చినప్పుడల్లా నేను కచేరీ కిటికీలోంచి చూస్తూ ఎన్ని అర్జీల మీద సిరా ఒలకబోశానో లెక్కలేదు. కచేరీ పని ముగించుకుని, బట్లరుకి ఇవ్వడానికి నా అలారం గడియారం చంకన పెట్టుకుని, ఊపిరి బిగబట్టి బంగళాకి పరిగెత్తాను. వెళ్ళేసరికి బట్లరు వరండాలో కూర్చుని హార్మోనియం మెట్లు నొక్కుతున్నాడు. అవును, కాంపౌండరు మధ్యాహ్నమే వచ్చి హార్మోనియం ఇచ్చి కెమెరా పట్టుకుపోయాడు.

అక్కడితో నేను ఇంటికి వచ్చేసి ఉంటే ఈ కథ ఉండేది కాదు. మూలనున్న ఒక చెక్కపెట్టె చూపించి, ఇదేమిటని అడిగాను. అది కూడా కెమెరా తాలూకుదేననీ, పట్టిన బొమ్మని చీకటిగదిలో పైకి తీసే సరంజామా అందులో ఉందనీ, ఇది లేకపోతే అది ఉత్త పెట్టేననీ, కాంపౌండరు దీన్నీ అడిగాడు గానీ ఇవ్వడానికి అతని దగ్గర మరేమీ లేకపోయిందనీ, రేపు ఏదైనా తెస్తానన్నాడనీ బట్లరు చెప్పాడు. ఆ మాట వినగానే నా నెత్తిన పాలు పోసినట్టయింది. గడియారం చాలదన్నాడు. అతని చూపు నా ఒంటిమీద ఉన్న ఉన్ని ఓవర్‌కోటు మీద పడింది. అది మా మేనమామ కలకత్తా నుంచి తెప్పించి ఇచ్చినది. అరకు చలికి నాకున్న ఒకే ఒక దిక్కు. మార్గశిరం రావడానికి ఇంకా పది రోజులుంది, అసలు చలి ముందుంది. విప్పి ఇచ్చేశాను. చెక్కపెట్టె నెత్తిన పెట్టుకుని, గజగజ వణుకుతూ, కాంపౌండరు కళ్ళబడేలా డిస్పెన్సరీ ముందునుంచి చుట్టు తిరిగి ఇంటికి వెళ్ళాను. వణికినా పరవాలేదనిపించింది. అతను గుమ్మంలో నిలబడి చూశాడు. నేను చూడనట్టు నటించాను.

పెట్టెలో పింగాణీ పూత వేసిన లోతు పళ్ళేలు మూడు, ఎర్రగాజు లాంతరు, ఒక చెక్క చట్రం, బొమ్మలు అచ్చువేసే కాగితాలు, పొడుల సీసాలు, ఒక ఇంగ్లీషు పుస్తకం ఉన్నాయి. ఆ పుస్తకాన్ని నేను పరీక్షకి చదివినట్టు చదివాను. మొదటి పళ్ళెంలో డెవలపరు, అంటే బొమ్మని పైకి తెచ్చే మందునీళ్ళు. రెండోదాంట్లో మంచినీళ్ళు. మూడోదాంట్లో హైపో, అంటే వచ్చిన బొమ్మని నిలబెట్టి మిగిలినదంతా కడిగేసేది. నెల తిరిగేసరికి ఫోటోగ్రఫీలో నాకు తెలియనిది లేదు, ఫోటో ఒక్కటీ లేదు. అవతల కాంపౌండరు ప్రతి సంతరోజూ మూడు కాళ్ళ స్టాండు పాతి, నల్లగుడ్డలో తల దూర్చేవాడు. జనం వరసలో నిలబడేవారు. అల్లం అమ్మడానికి వచ్చిన ఆడవాళ్ళు అల్లం వదిలేసి అతన్ని చూసేవారు. నా కడుపు మండిపోయేది. అయితే అతను పట్టిన బొమ్మ పట్టినట్టే ప్లేట్లలో ఉండిపోయింది, పైకి తీసే పళ్ళేలు నా మంచం కింద ఉన్నాయి కనక. ఆ ఒక్క సంగతి తలుచుకుని రోజూ రెండు ముద్దలు ఎక్కువ తినేవాణ్ణి.

పళ్ళేలు ఎరువిస్తారా అని అతను బంట్రోతు చేత కబురు పెట్టాడు. కెమెరా ఎరువిస్తారా అని నేను అదే బంట్రోతు చేత తిప్పి పంపాను. ఇద్దరం ఇవ్వలేదు. ఆపైన నేను అతని పేరు నోటితో పలకడం మానేశాను. ఎవరైనా ఎత్తితే 'ఆయన' అని మొహం తిప్పుకునేవాణ్ణి. అతనూ అంతేనని బంట్రోతు చెప్పాడు.

ఆ రోజుల్లోనే నాకు ఇంకొక బాధ మొదలైంది. సంతకి వచ్చిన కొండవాళ్ళు ఎవరైనా అభిమానంతో నాకొక గుమ్మడికాయ ఇస్తే, సరిగ్గా అంతే కాయ ఒకటి మైదానం దాటించి కాంపౌండరుకి ఇచ్చేవారు. నాకు దోసెడు చింతపండు ఇస్తే అతనికీ దోసెడే. ఒకసారి ఒక ముసలమ్మ నాకు అరటిపళ్ళు ఇచ్చి, అటు వెళ్ళి లెక్క చూసుకుని, మళ్ళీ వచ్చి నా గెలలోంచి ఒక పండు తెంపుకుపోయింది. ఎందుకో అర్థంకాక, నాకు వచ్చిందంతా అతనికీ వస్తోందన్న ఏడుపుతో, ఆ పళ్ళు తినబుద్ధి కాలేదు. (తిన్నాను.)

పుష్యమాసంలో ఒక సంతరోజు పొద్దున్నే పసుపు తాత మా కచేరీకి వచ్చాడు. డుంబ్రిగుడ అవతల కొండమీది ఊరు అతనిది. వారం వారం పసుపు కొమ్ములు తెచ్చి అమ్మేవాడు గనక అందరం అలాగే పిలిచేవాళ్ళం. ఒక్కతే కూతురు. పెళ్ళయిన నెలకే మొగుడితో కలిసి అస్సాం తేయాకు తోటలకి కూలికి వెళ్ళిపోయింది. అలా వెళ్ళినవాళ్ళు తిరిగిరావడం అప్పట్లో అరుదు. వెళ్ళే ముందు సంతలో కాంపౌండరు ఆ పిల్ల బొమ్మ పట్టాడు. తాత మెట్ల కింద గొంతుకూర్చుని, తువ్వాలు నేలమీద పరిచి, దానిమీద పసుపు బుట్ట పెట్టాడు.

"బాబూ, నీ నేస్తం నా గుంట బొమ్మ పట్టినాడు. పెట్టిలో ఉందంతన్నాడు. పైకి తియ్యాలంటే నీ కాడున్న పళ్ళేలు కావాలంట. బేగి తియ్యండి బాబూ. గుంట ఎల్లిపోయిన కాణ్ణుంచి దానమ్మ గుమ్మంకాడే కూకుంతంది. కూడు తినదు."

నాకు నేస్తం ఎవరయ్యా అన్నాను.

"అలాగంతావేటి బాబూ? దొర సామాను సగం ఆయన, సగం నువ్వు పంచుకున్నారు కదా. ఆయన పేరు నువ్వనవు. నీ పేరు ఆయన అనడు. కొండకొండంతా ఎరుగుదురు."

అప్పుడు నా కళ్ళు తెరుచుకున్నాయి. ఆ కొండల్లో నేస్తం కట్టడమంటే ఏదో స్నేహం కాదు. ఇద్దరు మనుషులు పెద్దల ముందు బట్టలు మార్చుకుని, ఒకే ఆకులో తిని, తోడబుట్టినవాళ్ళకంటే ఎక్కువవుతారు. ఆనాటినుంచి చచ్చేదాకా ఒకరి పేరు ఒకరు పలకరు. ఒకరు అడిగింది ఒకరు కాదనరు. ఒకరికి ఏది ఇస్తే రెండోవారికీ అంతే ఇవ్వాలి. కుళ్ళుతో మేము పేర్లు మింగుతుంటే, వాళ్ళు మా ఇద్దరికీ దండం పెట్టుకుంటున్నారన్నమాట. కొండ దిగువ నుంచి వచ్చిన చదువుకున్న బాబులు మన పద్ధతి ఎంత నిష్ఠగా పాటిస్తున్నారో అని కొన్ని ఊళ్ళలో మమ్మల్ని చూపించి పిల్లలకి బుద్ధులు కూడా చెప్పారట. ఆ ముసలాయన మొహం చూస్తూ, కాదు తాతా, మేము ఒకరి మీద ఒకరు కళ్ళలో నిప్పులు పోసుకున్నాం, అందుకే నీ కూతురు పెట్టెలో ఉండిపోయింది అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. చెక్కపెట్టె తీసుకుని అతని వెంట మైదానం దాటాను. డిస్పెన్సరీ గుమ్మంలో కాంపౌండరు నన్నూ, తాతనూ, పెట్టెనూ వరసగా చూశాడు. తాత అతనితోనూ అవే మాటలు అన్నాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి. రండి అన్నాడు నాతో. రెండు నెలల తరవాత అదే మొదటి మాట.

డిస్పెన్సరీ మందుల కొట్టు కిటికీలకి కంబళ్ళు కట్టి, పట్టపగలే చీకటి చేశాం. అతను తన త్రాసులో పొడులు తూచి నీళ్ళలో కలిపాడు. నేను పుస్తకంలో చెప్పినట్టు ఎడమనుంచి కుడికి పళ్ళేలు పేర్చాను. ఎర్రలాంతరు వెలిగించి తలుపు మూశాక నాలో పాత జబ్బు మళ్ళీ లేచింది. కెమెరా ఎటూ అతనిది, పళ్ళేల పని కూడా అతని చేతిమీదుగా జరగనివ్వడమా? అతను బల్లకి ఇటు నిలబడబోతుంటే, మీరు ఇక్కడే ఉండండి, నేను చూసుకుంటానని చుట్టు తిరిగి అవతలి వైపుకి వెళ్ళి, పళ్ళేలకి అడ్డంగా నిలబడ్డాను. పిల్ల బొమ్మ మొదటే వద్దు, ముందు ఈ పనికిరానివి రెండు వేసి చూడండి అని అతను రెండు ప్లేట్లు అందించాడు. మొదటిది నా ఎడమచేతి పళ్ళెంలో ముంచాను. కాసేపట్లో ప్లేటు మీది తెల్లపూత కరిగిపోయి, కిటికీ అద్దంలా శుభ్రంగా తేలింది. రెండోదీ అంతే.

ఇప్పుడు నిజం చెబుతున్నాను. ఆ ఖాళీ గాజు చూసినప్పుడు నాకు కలిగినంత ఆనందం నా పెళ్ళిలో కూడా కలగలేదు. అతను ఇన్నాళ్ళూ గుడ్డలో తల దూర్చి చేసినదంతా ఉత్తదే! మీరు మూత తియ్యకుండా పట్టినట్టున్నారండీ అన్నాను, గొంతులో ఎంత జాలి పెట్టగలిగితే అంత పెట్టి. అతను ఆ ఖాళీ గాజుని ఎర్రలాంతరు దగ్గర పెట్టి చూశాడు. అయ్యుండొచ్చు అన్నాడు మెల్లగా. తరవాత ఏదో తోచినట్టు చెయ్యి చాపి ఒక పళ్ళెంలో వేలు ముంచి, బొటనవేలితో రాసి చూశాడు. రెండోదాంట్లో, మూడోదాంట్లో కూడా. డెవలపరులో సోడా ఉంటుంది, వేలికి సబ్బునీళ్ళలా జారుతుంది. అది నా కుడిచేతి వైపు ఉంది. బల్లకి అవతలి వైపు తిరిగినవాడికి ఎడమ కుడి అవుతుందని ఆ పుస్తకంలో రాయలేదు. బొమ్మని పైకి తియ్యకముందే నేను హైపోలో వేసి కడిగేశాను.

అతను మొదటి పళ్ళెం అటు, మూడోది ఇటు మార్చి, చేతులు తుడుచుకుని, పిల్ల బొమ్మ ఉన్న ప్లేటు నా చేతికే ఇచ్చాడు. ఈసారి సరైన పళ్ళెంలో ముంచాను. తెల్లటి పలకమీద ముందు ఒక చీర అంచు, తరవాత రెండు చేతులు, తరవాత మొహం నల్లగా పైకి వచ్చాయి.

ప్లేటు ఆరాక చట్రంలో కాగితంతో కలిపి బిగించి ఎండలో పెట్టాం. ముగ్గురం మెట్లమీద కూర్చున్నాం. ఎండకి కాగితం గోధుమరంగు తిరిగి, తాత కూతురు ముక్కుకమ్ములతో, కొప్పులో పువ్వుతో, కెమెరాకి కొంచెం భయపడుతూ కనిపించింది. దాన్ని హైపోలో కడిగి, ఆరబెట్టి చేతిలో పెడితే తాత చాలాసేపు చూశాడు.

"ఆయాల అంబలి తాగకుండా ఒచ్చిందీ గుంట," అన్నాడు. "మొగం సూడు, ఎలా పీక్కుపోనాదో."

తరవాత మా ఇద్దరి మొహాలూ చూసి, ఎవరు తీసినారు బాబూ అని అడిగాడు. నేను నోరు తెరిచాను. నేనేనని చెప్పడానికే తెరిచానేమో, ఇప్పటికీ నాకు అనుమానమే. నాకంటే ముందు కాంపౌండరు, "మా నేస్తం తీశాడు తాతా," అన్నాడు. తాత పద్ధతి ప్రకారం సగం పసుపు అతనికి పోసి, మిగతా సగం బుట్టతో నా ముందు పెట్టి, దండం పెట్టి, కాగితాన్ని తలపాగాలో భద్రంగా దాచుకుని కొండదారి పట్టాడు. నేను కాదనలేదు. పసుపు తీసుకున్నాను.

తాత పోయాక, మాట కలపాలని, పాడైపోయిన ఆ రెండింటిలో ఏముందండీ అని అడిగాను. మా ఇంటిది అన్నాడు. మార్గశిరంలో వచ్చి పది రోజులుండి వెళ్ళిందట. జ్వరాల భయంతో మామగారు వచ్చి తీసుకుపోయారట. మరి పనికిరానివన్నారేమిటి అన్నాను. "మాది మళ్ళీ వస్తుంది కదండీ," అని పళ్ళేలు కడగడానికి లేచాడు.

కెమెరా మీద అసూయ నాకు ఆ మెట్లమీదే వదిలిపోయింది. మనిషి మీద మాత్రం అప్పుడే మొదలైంది. అంతవరకూ అతని జుట్టు చూసి, పొడుగు చూసి, హార్మోనియం చూసి ఏడ్చాను. అవి లేకపోయినా బతకొచ్చు. 'మా నేస్తం తీశాడు' అన్న ఆ ఒక్క మాట అంత తేలిగ్గా అతనికి ఎలా వచ్చింది, నాకెందుకు రాలేదు అన్న ఏడుపుకి ఇప్పటికీ మందు దొరకలేదు. నా చేత్తో కడిగేసిన సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. ఇవాళ నేను చెబుతున్నాను. ఇప్పుడు నాకు జుట్టు ఎటూ లేదు. ఇంట్లో ఏదైనా మంచిపని జరిగి, ఎవరు చేశారని ఎవరైనా అడిగితే, పక్కవాళ్ళని చూపించడం ఈ మధ్యనే నేర్చుకుంటున్నాను. చూపించేటప్పుడు వేలు ఇంకా కొంచెం నావైపే తిరుగుతోంది.