శెనక్కాయ పూల చీర

మొన్న మా మనవరాలు డాక్టరు చదువు వద్దు, చీరలకు బొమ్మలు గీసే చదువు చదువుతానంటే, పిల్ల నాయనైన నా కొడుకు మొదలు మగోళ్ళంతా నడింట్లో చేరి పంచాయితీ పెట్టినారు. ఆ పిల్లేమో మూలన కూచోని అప్పుడే ఒక అంచు గీస్తాంది. దాన్ని అడగకుండానే దాని బతుకు వీళ్ళు తేల్చేస్తాండారు. నేను అడకత్తెరతో వక్కలు కత్తిరిస్తా విన్నాను. వినేకొద్దీ ఒళ్ళు మండింది.

నేను ధర్మవరంలో ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తల్లోనూ ఇదే వరస. మూడో తరగతితో బడి మాన్పించి పుట్టింట్లో పట్టుదారం కండెలు చుట్టించినారు, ఈడికొస్తే ఈడా కండెలే. పట్టు తడపను, ఆరబెట్టను, కండెలు చుట్టను ఆడది కావల్ల. నేసేవాడు కాళ్ళు దింపుకోని కూచునే మగ్గం గుంటలో మాత్రం ఆడదాని కాలు పడగూడదంట. పడితే ఏమైతాదో చెప్పినోడు లేడు. ఇంకో మంట గూడా ఉండేది నాకు. మా మామ నేయించేవన్నీ హంసలే. వాన మొగం చూడని సీమలో హంసను చూసినోడెవడప్పా? మా కండ్లకు కనపడేది శెనక్కాయ పూవు. గోరంత, పసుప్పచ్చన. వాడినాక గూడా ఊరుకోదు, మట్టిలోకి దిగి కాయవుతాది. దాన్ని పట్టు మీద చూడాలని నా పంతం.

ఒక ఎండాకాలం మా ఆయన చలిజ్వరంతో మంచం పట్టినాడు. మగ్గం మీద చీర జానెడు నేసి ఆగింది. మామ పట్టు తెచ్చేదానికి దూరమూరికి పోయినాడు, పదిదినాలకు గానీ రాడు. అంత పట్టు దుమ్ముకొట్టుకుంటాంటే చూడలేక, తలుపులు బార్లా తీసి పట్టపగలే గుంటలో దిగినాను. చిన్ననాటినుంచి చూసి చూసి నేత నా కండ్లకే వచ్చుండె. మా అత్త వచ్చి చూసి, కండెలు చుట్టి అందించింది. హంసలు ఆపి, చేత్తోనే పోగులెత్తి నా పూలు వేసినాను.

మామ తిరిగొచ్చేసరికి సగం చీరయింది. "లెయ్యి. ఎవరడిగినారు నిన్ను? హంసల పక్కన ఈ కలుపేంది?" అన్నాడు. మగ్గమెక్కిన చీరను నడమ కోస్తే ఆ మగ్గం మళ్ళీ నడవదని నేసేవాళ్ళ నమ్మకం. నేను లేవకుండానే కత్తెర చాపినాను.

"నన్ను లేపల్లంటే దీన్ని కోసెయ్ మామా."

తీసుకున్నాడు. పోగుల దాకా తెచ్చినాడు. చెయ్యి రాలేదు.

చీర ముగిసినాక మా చీరలు కొనే షావుకారు పూలను మెచ్చుకుంటే, మామ మీసం దువ్వుకుంటా "మావాని పనితనం" అన్నాడు. మంచంలోని మొగుడు గూడా ఊకొట్టినాడు. ఆపైన నన్ను గుంటలోనుంచి లెయ్యమన్నోడు లేడు, నేసింది నేనని చెప్పినోడూ లేడు. అది ఈనాటికీ నాకు అరగలేదు.

అందుకే మొన్న అడకత్తెర నా కొడుకు ముందర పెట్టినాను. "పిల్ల మొదలుపెట్టేసింది. కోస్తావా?" అన్నాను. వాడు అడకత్తెరను మళ్ళీ నా పక్కకు జరిపి, "దానిష్టం, చదవనీ" అన్నాడు. కాలం మారిందంటారు అందరూ. మా ఇంట్లో మాత్రం అది ఒక పోగు జరగాలన్నా ఒక ఆడది గుంటలో దిగాల్సొస్తాండాది.