ఉత్తరం కిటికీ

"అయ్యయ్యో, ఆ గడప తొక్కకమ్మా! మీ ముత్తాత చెక్కిందది."

"మా ముత్తాత దర్జీ అండీ."

"కుట్టుపని తర్వాత పట్టాడు. ముందు వడ్రంగమే. ఇంట్లో చెప్పలేదా? చెప్పరు. ఇళ్ళంటే అంతే. రా, కూర్చో."

మా లైబ్రేరియన్ బాబాయికి ఉన్న జబ్బు ఇదొక్కటే. కొత్తగా ఎవరొచ్చినా సరే, ఆ లైబ్రరీ భవనంలో ఏదో ఒక ముక్కని వాళ్ళ తాతకి అంటగట్టందే పుస్తకం చేతికివ్వడు.

అంటగట్టడానికి ముక్కలకేం తక్కువ లేదు. గుమ్మం ఎడ్లబండి పట్టేంత వెడల్పు. కిటికీలు నిచ్చెనేస్తే తప్ప అందవు. నేల ఓ మూలకి వాలి ఉంటుంది. పెన్సిల్ జారితే తిన్నగా నిఘంటువుల బీరువా కిందకి దొర్లిపోతుంది.

"ఈ తూర్పు కిటికీ అంతెత్తున ఎందుకండీ?" అని బస్సు డ్రైవర్ అడిగితే, "చదివేవాడు వీధిలోకి చూడకూడదని మీ తాతే పట్టుబట్టాడు" అన్నాడు. ఆ తూర్పు కిటికీనే అంతకు ఆర్నెల్ల ముందు పాలాయన తాతకి ఇచ్చేశాడు.

నేను కుళాయిలు బాగుచేసేవాణ్ణి. పందొమ్మిదేళ్ళప్పుడు అక్కడి వాననీటి గొట్టం బిగించడానికి వెళ్తే, "జాగ్రత్తరా, మీ తాత వేసిన గొట్టం" అన్నాడు. మా తాత మొహం మా నాన్నకే సరిగ్గా గుర్తులేదు. అయినా ఆ రోజు నుంచి ఏటా వానలకి ముందు, ఎవరూ పిలవకుండానే వెళ్ళి ఆ గొట్టం చూసుకుంటాను. నాకొచ్చిన నాలుగు ముక్కలూ ఆ నాలుగు గోడల మధ్య నేర్చుకున్నవే.

మొన్న పాత భవనాల అధికారి వచ్చాడు. చరిత్ర ఉందని తేలితే ఉంచుతారు, లేదంటే కూల్చేసి దుకాణాలు కడతారు. చరిత్రకేం కరువని నేనే ఇంటింటికీ తిరిగి జనాన్ని పోగేశాను. ఇరవై ముగ్గురొచ్చారు.

"గడప మా ముత్తాతది" అంది దర్జీ అమ్మాయి.

"నీదెలా అవుతుంది? మాది!" అని ఇంకో ముగ్గురు లేచారు.

"ఒక్క గడపకి నలుగురు వడ్రంగులా? గడపా, వంతెనా?" అన్నాడు అధికారి. తూర్పు కిటికీ దగ్గర డ్రైవరూ పాలాయనా ఒకరి చొక్కా ఒకరు పట్టుకున్నారు. అధికారి నవ్వి నవ్వి, కళ్ళు తుడుచుకుని, ఒక పాత కాగితం చదివాడు. ఒక ధాన్యం వ్యాపారి కట్టించిన గోదాం. మేస్త్రీలంతా పై ఊరివాళ్ళు. ఫైలు మూసేసి, కూల్చే తేదీ నా చెవిన వేసి వెళ్ళాడు. జనం బాబాయి మొహం చూడకుండా వెళ్ళిపోయారు.

నాకు ఒళ్ళు మండిపోయింది.

"అబద్ధం చెప్పావు బాబాయ్!"

"ఎన్నో అబద్ధం గురించి అడుగుతున్నావు?"

"మా తాత గొట్టం."

"మీ తాత సంగతి నాకేం తెలుసురా? ఆ రోజు పని అయ్యాక చెప్పులు చేత్తో పట్టుకుని గోడవార నిలబడ్డావు. కూర్చోరా అంటే 'పర్లేదండీ' అన్నావు. మీ తాత గొట్టం అన్నాక కూర్చున్నావు. ఇరవై రెండేళ్ళయింది, లేచావా?"

ఆయన కాలితో నేలని తట్టాడు.

"గోదాం కడిగిన నీళ్ళు పోవడానికి నేల వాలింది. దొంగలు దూరకుండా కిటికీలు పైకెక్కాయి. మనలాంటివాళ్ళని బయట ఉంచడానికి కట్టిన కొంపరా ఇది. ఆ మాట చెప్పి, లోపలికి రండి అంటే ఎవడొస్తాడు?"

"ఇప్పుడు నీ అబద్ధాలే దీన్ని కూలుస్తున్నాయి."

"కూలుస్తున్నాయి" అన్నాడు. ఆ గదిలో ఆయన నోట నేను నిజం విన్నది ఆ రోజే. అద్దాలు తీసి తుడిచాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు. "ఎప్పుడట?"

"వచ్చే నెల పదిన."

"అంటే ఇంకా ముప్ఫై రోజులున్నాయి." మెడ చాచి గుమ్మంలోంచి గేటు వైపు చూశాడు. అక్కడ ఎదురు వీధిలో బట్టలు ఇస్త్రీ చేసే ఆవిడ నిలబడి ఉంది. "మూడు రోజులుగా చూస్తున్నాను. గేటు దాకా వస్తుంది, బోర్డు చదువుతుంది, వెళ్ళిపోతుంది."

"అయితే?"

"ఉత్తరం కిటికీ ఇంతవరకు ఎవరికీ ఇవ్వలేదురా. పరిగెత్తు, ఆవిడ వెళ్ళిపోయేలోగా వాళ్ళ తాత ఏం పని చేసేవాడో కనుక్కుని రా."