సీమోను మాస్టారి వంశపు మంట

గుండెమంటకి వంశవృక్షం చెప్పుకునే మనిషిని రాజోలు మొత్తంలో సీమోను మాస్టారినొక్కరినే చూశాను.

"మా తాత ఇస్సాకు గారు మా నాన్నకిచ్చేరు, నాన్న నాకిచ్చేరు. పొలమైతే అమ్ముకోవచ్చు, దీన్నేం చేస్తామండీ? పైగా వయసొకటి. దాన్నీ ఆపలేం," అని ఛాతీ రాసుకునేవారు.

పంతొమ్మిది వందల డెబ్బై ఎనిమిదిలో ఇద్దరం ఒకే బడిలో పాఠాలు చెప్పేవాళ్లం, మావి పక్కపక్క తరగతులు. ఆయన మిరపకాయ మానేశారు, కాఫీ మానేశారు, చింతపండు మానేశారు. మంచానికి తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టి పడుకుంటే, తెల్లారేసరికి కాళ్లవైపు జారి ఉండేవారు. మంట మాత్రం తగ్గలేదు.

"ఏమైనా నయమాండీ?" అంటే, "నాతోనే పోవాలండీ. ఆ నమ్మకమూ లేదు, మావాడొకడున్నాడు కదా," అనేవారు. ఆయనతో మాట్లాడి వెళ్లిన రోజు నాకు మజ్జిగ కూడా మండేది.

కోడలు అమ్మాజీకి ఏడో నెల వచ్చింది. ఆ పిల్లకీ పులితేన్పులు మొదలయ్యాయి. మాస్టారి భార్య మార్తమ్మగారు పచ్చళ్ల గదికి తాళం వేశారు.

"దొంగతనంగా ఆవకాయ తింటందండీ! లేపోతే ఈ వయసులో మంటేంటి?" అని, పూటకో గ్లాసు జావ మీద ఉంచారు. వారానికి అమ్మాజీ మొహం పీక్కుపోయింది. మొగుడు తల్లి ముందు నోరెత్తడు. నాకు చాలా కష్టంగా ఉండేది.

ఆదివారం చర్చి నుంచి వచ్చి మాస్టారు వాకిట్లో కూలబడ్డారు. నేనూ పక్కనే ఉన్నాను.

"అయిపోయింది, మార్తా!"

"ఏవైందండీ?"

"కోడల్ని అనకు. ఆ మంట దానిది కాదు, లోపలున్న బిడ్డది. మా తాత నుంచి వస్తున్నది, పుట్టకుండానే తగులుకుంది."

మార్తమ్మగారు గుండె పట్టుకున్నారు. "అయ్యో నా తండ్రీ! ఏం చెయ్యాలండీ?"

"మనం చేసేదేం లేదు. తల్లికి కొంచెం కొంచెంగా రోజుకి ఆరుసార్లు పెట్టాలి. కడుపు ఖాళీగా ఉంటే బిడ్డ తట్టుకోలేదు."

అరగంటలో అమ్మాజీ ముందు పప్పన్నం, పాలుపోసిన ఆనపకాయ కూర. జావ గేదె కుడితిలోకి పోయింది.

వీధి మలుపులో మాస్టారిని ఆపేను. "నిజంగా కడుపులో బిడ్డకి మంటొస్తుందాండీ?"

"ఎలా వస్తుందండీ? కడుపుతో ఉన్నవాళ్లకి ఇది మామూలేనని డాక్టరుగారు చెప్పేరు. ఆ మాట మా ఆవిడ వినదు. మా వంశాన్ని తిడితే మాత్రం ఇట్టే నమ్ముతుంది," అన్నారు, ఛాతీ రాసుకుంటూ.

మనవరాలు పుట్టింది. పాలు తాగి తాత భుజం మీద బ్రేవుమని తేన్చింది. మార్తమ్మగారు బెదిరిపోయి మొగుడి వైపు చూశారు.

"ఆయ్, మా వంశమే," అన్నారు మాస్టారు. అంత సంతోషంగా నిరాశపడిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.