పటాలమ్మకి వచ్చిన ఒక్క అక్షరం

ఆ విశ్వవిద్యాలయం పెద్ద హాల్లో నలభై రెండు పటాలుండేవి. అక్కడ చదివి గొప్పవాళ్ళైనవాళ్ళు ఒక గోడకి, అక్కడ పాఠాలు చెప్పి గొప్పవాళ్ళైనవాళ్ళు ఎదురు గోడకి. ముప్పై ఏళ్ళుగా ఆ అద్దాలు తుడిచేదీ, కింద పేరూ పదవీ చెక్కిన ఇత్తడి పలకలు తోమేదీ ఒక్కతే. అందుకే అందరికీ ఆవిడ పటాలమ్మ. అసలు పేరు జీతాల కాగితంలో తప్ప ఎక్కడా బతికిలేదు.

చదువు రాకపోతేనేం, ఆ నలభై రెండు మందికీ తనే పేర్లు పెట్టుకుంది. పిల్లిగడ్డం జడ్జీ, నవ్వురాని డాక్టరు, కోపాలయ్య. తుడుస్తూ పలకరించేది కూడా. "ఏం కోపాలయ్యా, నిన్న కూడా ఎవరూ నీ వంక చూడలేదా? దానికి నామీద గుడ్లురుముతావేం!"

లెక్కల మాస్టారికి మాత్రం వెక్కిరింత పేరు పెట్టలేదు. పటంలో ఆయనది నలిగిన చొక్కా, మెడ దగ్గర గుండీ లేదు. బతికున్న రోజుల్లో ఆయన గది ఊడ్చింది పటాలమ్మే. ఒకనాడు నల్లబల్ల తుడవబోతే ఆయన ఆపి, సుద్దముక్కతో ఒక అక్షరం రాశారు.

"ఇది నీ పేరులో మొదటి అక్షరం అమ్మా. నా పేరుకీ ఇదే మొదలు."

"అయితే మనం చుట్టాలమేనన్నమాట మాస్టారూ!"

"అక్షరం వరసలో అంతే మరి. రెండోది రేపు నేర్పుతా."

ఆ రేపు రాకముందే ఆసుపత్రికి వెళ్ళారు, మళ్ళీ రాలేదు. పటాలమ్మ అక్షరజ్ఞానం అక్షరాలా ఒక్క అక్షరం దగ్గరే ఆగిపోయింది.

చాలా ఏళ్ళ తర్వాత హాలుకి రంగులు వేయించారు. రంగులవాళ్ళు పలకలన్నీ ఊడదీసి ఒకే బకెట్లో పడేశారు. పటాల వెనక పేర్లు రాసి అంటించిన కాగితాలా, ఎప్పుడో చెదల పాలయ్యాయి. కొత్తగా వచ్చిన సూపరింటెండెంటు మొహాలు చూసి, హోదాలు ఊహించి, సాయంత్రంలోగా బిగించి పారేశాడు. కోటున్నవాడికల్లా పెద్ద పదవి. గుండీ లేని మాస్టారి కిందికి ఎవరో పరుగు పందేల వీరుడి పేరొచ్చింది. మాస్టారి పేరు పోయి ఒక నిగనిగల కోటాయన కింద కూర్చుంది.

మర్నాడు పదింటికి మాస్టారి కూతురు తండ్రి పటం చూడడానికి వస్తోంది. తండ్రి పోయేనాటికి నెలల పిల్ల.

పొద్దున్నే గుడ్డ పట్టుకుని హాల్లో అడుగుపెట్టిన పటాలమ్మ ఉన్నచోటే ఆగిపోయింది. కోటాయన కింద తన అక్షరం!

"అయ్యా, బోడిగుండుకీ మోకాలికీ ముడేశారు. ఈ పలక ఆయనది కాదు."

హాల్లోనే టేబుల్ వేసుకుని కూర్చున్న సూపరింటెండెంటు టీ కప్పు దించలేదు. "నీకు చదవడం వచ్చా?"

"రాదు. తోమడం వచ్చు. దీనికి ఎడమ మూల సొట్ట. ఆ పక్కదానికి అక్షరాల సందుల్లో పొడి ఇరుక్కుంటుంది, పుల్లతో తీయాలి. ఏది ఎవరిదో నా వేళ్ళకి తెలుసు."

"నాకు పాఠాలు చెప్పకు. ఇంకొక్క మాటంటే రేపట్నుంచి పనిలోకి రానక్కర్లేదు."

"చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అన్నారా!" అని గొణిగింది, అతనికి వినపడేలాగే. రంగులవాళ్ళు వదిలేసిన సుద్దముక్క తీసుకుని అతని టేబుల్ మీదే ఆ అక్షరం రాసింది. "ఆ పలక మీద మొదటిది ఇదేనా? నాకిది నేర్పింది ఆ గుండీ లేనాయనే. మీరు నమ్మకపోతే పోనీండి. మాస్టారి కింద పరుగు పందేలాయన పలక బిగించారు, పదింటికొచ్చే ఆయన కూతురికి వాళ్ళ నాన్న ఎప్పుడు పరిగెత్తాడో మీరే చెప్పుకోండి."

కప్పు కిందికి దిగింది. అతను గడియారం చూశాడు. ఎనిమిదిన్నర.

"మిగతావీ తెలుసా?"

"ముప్పై ఏళ్ళు తోమినదాన్ని, తెలియకుండా ఉంటాయా?"

పటాలమ్మ ఒక్కో పలకా తడిమి చెప్పింది. "ఇది కోపాలయ్యది. ఇది పిల్లిగడ్డం జడ్జీది." సూపరింటెండెంటు స్టూలెక్కి మరలు బిగించాడు. "వంకరొచ్చింది బాబూ, మళ్ళీ బిగించండి."

పదింటికి కూతురొచ్చింది. పటం చూసి నవ్వింది. "ఈ గుండీ కుడతానని అమ్మ వెంటపడితే, రేపు అనేవారట."

"ఆయన రేపులన్నీ అంతే తల్లీ. రెండో అక్షరం కూడా రేపేనన్నారు నాకు."

కూతురు సంగతంతా అడిగి తెలుసుకుంది. "మీ అసలు పేరేంటి పెద్దమ్మా?" అని, విన్నాక పెన్ను తీసి పటాలమ్మ అరచెయ్యి పట్టుకుంది.

పటాలమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది. "అక్కడొద్దమ్మా, ఒక్క పలక తోమితే పోతుంది. కాగితం మీద రాయి."