ఎదురు డాబా మీదికి టెలిస్కోపు

కిందటేడు మల్కాజ్‌గిరిలో మా డాబా మీద జరిగిందిది. మావారు ఎన్నాళ్లుగానో ముచ్చటపడ్డ టెలిస్కోపు కొన్నాం. దాని మీదుండే, గురి చూసుకునే ఫైండర్ అనే చిన్న గొట్టాన్ని వెలుతురు ఉండగానే దూరపు వస్తువుకు గురిపెట్టి సరిచేసుకోవాలి. లేకపోతే ఆకాశంలో ఏదీ ఓ పట్టాన దొరకదు. ఆ సాయంత్రం ఆయన ఎదురు డాబా మీదుగా మౌలాలి గుట్టకు గురిపెట్టి మరలు తిప్పుతుంటే, ఆరేసిన బట్టలు తీయడానికి ఎదురింటావిడ పైకొచ్చింది.

“ఏంది సార్, మా ఇంటికి దుర్బీన్ పెట్టిండ్రు?” అని గట్టిగా అరిచింది. గల్లీలో ఉన్నవాళ్లంతా తలలెత్తి చూశారు. సిగ్గుతో చితికిపోతూ నేను, “అయ్యో, చందమామను చూద్దామనండీ! కావాలంటే మీరే వచ్చి చూడండి” అన్నాను.

కోపంగానే వచ్చింది. అప్పటికే ఆకాశంలో సగం చంద్రుడున్నాడు. మావారు చంద్రుడు మొత్తం కనిపించేలా, కన్ను ఆనించే చోట తక్కువ పవర్ ఐపీస్ బిగించారు. ఆవిడ కన్ను ఆనించి చాలాసేపు కదల్లేదు. తర్వాత పిట్టగోడ మీంచి వంగి భర్తను కేకేసింది.

“జల్ది రా! చందమామ మీద సుత మన గల్లీ లెక్కనే గుంతలున్నయ్!”

కింద గల్లీ అంతా గొల్లున నవ్వింది. ఆమెతో పాటు మేమూ పగలబడి నవ్వాం.

ఏళ్ల తరబడి ఎదురుబొదురుగా ఉంటున్నా, ఆవిడ పేరు సుజాత అని నాకు తెలిసింది ఆ సాయంత్రమే.